వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ అని రాసే ముందు

(డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి రికార్డింగ్ నుంచి తీసిన పాఠం. చివర్లో ప్రశ్నోత్తరాల నుంచి కొంత భాగం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో మైకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

స్క్రీన్ మీద ఉన్న ఎర్రర్ చూడండి. "ఎస్ఎస్ఎల్ ఎర్రర్, సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్." అంటే, సర్వర్ తన గుర్తింపు కార్డుగా చూపించే సర్టిఫికెట్‌ని మన కోడ్ నమ్మలేదని. దీని మొహం చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? లేరు. ఇది రాగానే మనం చేసే పని ఒకటే. ఆ లైను కాపీ చేసి వెతుకుతాం. దొరికే జవాబుల్లో పైనే కనిపిస్తుంది మందు: వెబ్ నుంచి డేటా తెచ్చే పైథాన్ లైబ్రరీ రిక్వెస్ట్స్ ఉంది కదా, రిక్వెస్ట్స్ డాట్ గెట్‌లో వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ అని చేర్చు. చేరుస్తాం, డేటా వచ్చేస్తుంది. కాకపోతే రన్ చేసిన ప్రతిసారీ "ఇన్‌సెక్యూర్ రిక్వెస్ట్ వార్నింగ్" అని సణుగుతూ ఉంటుంది. దాని నోరు మూయించడానికి కూడా ఒక లైను ఉంది కదా, డిజేబుల్ వార్నింగ్స్. అదీ పెట్టేస్తాం. (నవ్వులు)

నవ్వారంటే అందరి రిపోలోనూ ఉందన్నమాట.

ఈ పని చేసేవాళ్ళని బద్ధకస్తులని తిట్టడానికి నేను రాలేదు. సాయంత్రానికి డెమో ఉంటుంది, పక్కన మేనేజర్ నిలబడి ఉంటాడు, ఎవరైనా అదే చేస్తారు. నేను చెప్పదలుచుకున్నది వేరు. సర్టిఫికెట్ ఎర్రర్ అనేది ఒక్కటి కాదు, ఐదారు రకాలు. ఒక్కోదానికి కారణం వేరు, బాధ్యుడు వేరు, మందు వేరు. ఆ రకం ఏదో ఎర్రర్ మెసేజిలో చివరి నాలుగు మాటల్లోనే రాసి ఉంటుంది. మనం మొదటి నాలుగు మాటలు చదివి ఆగిపోతాం. అదీ గొడవ.

ముందు, ఈ వెరిఫై అనేది చూసేదేమిటి? మూడు సంగతులు. సర్వర్ చూపించిన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది ఎవరు, ఆ సంతకాల వరస మన దగ్గరున్న నమ్మకమైన రూట్ల, అంటే అన్ని సంతకాలకీ పైన ఉండే సంస్థల సర్టిఫికెట్ల, జాబితా దాకా వెళ్తుందా లేదా. రెండోది, మనం పిలిచిన పేరూ సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ ఒకటేనా. మూడోది, తేదీలు. ఫాల్స్ అని పెడితే మొదటిదీ రెండోదీ మూడోదీ అన్నీ పోతాయి. ఎన్‌క్రిప్షన్ మాత్రం ఉంటుంది. దాన్ని చూసుకునే మనవాళ్ళు "హెచ్‌టీటీపీఎస్సే కదా సార్" అంటారు. అవును, హెచ్‌టీటీపీఎస్సే. కవరుకి లక్కముద్ర వేసి, గుమ్మంలో ఎవరుంటే వాళ్ళ చేతికి ఇచ్చి వచ్చినట్టు. హాస్టల్ వైఫైలోనో, ఎయిర్‌పోర్టులోనో మధ్యలో కూర్చున్నవాడు తన సొంత సర్టిఫికెట్ ఒకటి చూపిస్తాడు. మన కోడ్ సరేనంటుంది. ఆథరైజేషన్ హెడర్‌లో ఉన్న టోకెన్, మన తాళంచెవి లాంటిది, నేరుగా వాడికి ముడుతుంది. వాడు అటువైపు అసలు సర్వర్‌తో మాట్లాడి జవాబు తెచ్చి మనకిస్తాడు. మన లాగులో 200 ఓకే అని పడుతుంది. ఏ తేడా కనబడదు.

ఇది ఎంత పాత జబ్బో చెప్తాను. 2012లో ఒకే సదస్సులో, ఏసీఎం సీసీఎస్ అంటారు, రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. జర్మనీ వాళ్ళు గూగుల్ ప్లేలోని 13,500 ఉచిత యాప్‌లను తీసి చూస్తే 1,074 యాప్‌లలో ఎవరి సర్టిఫికెట్టయినా ఒప్పేసుకునే కోడో, ఏ పేరున్నా ఒప్పేసుకునే కోడో దొరికింది. నూటికి ఎనిమిది. రెండో పత్రం టెక్సస్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల వాళ్ళది. బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్లు సర్టిఫికెట్లను ఎలా చూస్తున్నాయన్నది దాని విషయం. అందులో నాకు బాగా నచ్చే ఉదాహరణ ఒకటుంది, కాస్త నిదానంగా చెప్తాను.

ప్రోగ్రాముల తరఫున వెబ్‌తో మాట్లాడే కర్ల్ లైబ్రరీలో "ఎస్ఎస్ఎల్ వెరిఫై హోస్ట్" అని ఒక ఆప్షన్ ఉంది. పేరు చూస్తే ఏమనిపిస్తుంది? ట్రూ, ఫాల్స్ తీసుకుంటుందనిపిస్తుంది. కానీ అది అంకె తీసుకునేది. 0 అంటే చూడకు. 2 అంటే పేరు సరిపోయిందో లేదో చూడు. మరి 1? సర్టిఫికెట్‌లో ఏదో ఒక పేరు ఉంటే చాలు, ఎవరిదైనా ఫర్వాలేదు అని. డిఫాల్టు 2. ఏమీ ముట్టుకోకపోతే సురక్షితంగానే ఉండేది. పీహెచ్‌పీ రాసే బుద్ధిమంతుడు, భద్రత మీద శ్రద్ధ ఉన్నవాడు, ఏం చేశాడు? ఆప్షన్ ట్రూ అని పెట్టాడు. పీహెచ్‌పీలో ట్రూ అంటే 1. అంటే 2 నుంచి 1కి దించాడు. జాగ్రత్త పడి మరీ తలుపు తీశాడు. అమెజాన్ చెల్లింపుల సేవకి ఇచ్చిన పీహెచ్‌పీ లైబ్రరీలోనే ఈ లైను ఉన్నట్టు ఆ పత్రంలో చూపించారు. అదే ఏడాది నవంబరులో కర్ల్ 7.28.1 వచ్చింది. అందులో 1 ఇస్తే ఎర్రర్ వచ్చేట్టు చేశారు. తర్వాత కొన్నేళ్ళకి, 7.66.0 నుంచి, 1 ఇచ్చినా 2 లాగే తీసుకుంటోంది. తప్పు రాసినవాడిదా, ఆప్షన్‌కి ఆ పేరు పెట్టినవాడిదా అంటే, నేనైతే పేరు పెట్టినవాడి వైపే వేలు చూపిస్తాను. ఈ విషయంలో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ వాళ్ళని మెచ్చుకోవాలి. అన్నీ ఒప్పేసుకునే ఆప్షన్‌కి వాళ్ళు పెట్టిన పేరు "డేంజరస్ యాక్సెప్ట్ ఎనీ సర్వర్ సర్టిఫికెట్ వాలిడేటర్". రాస్తుంటేనే చెయ్యి వణుకుతుంది. (నవ్వులు)

పైథాన్ సంగతి కూడా అప్పట్లో అంత గొప్పగా లేదు. రిక్వెస్ట్స్ లైబ్రరీ అప్పటికే వెరిఫై చేసేది గానీ, భాషతోపాటు వచ్చే యూఆర్ఎల్‌లిబ్ మాత్రం 2014 డిసెంబరులో 2.7.9 వచ్చేదాకా డిఫాల్టుగా ఏమీ చూసేది కాదు. పైథాన్ 3లో 3.4.3 నుంచి మొదలైంది. అంతకుముందు స్క్రిప్టులన్నీ కళ్ళు మూసుకుని తిరిగినవే.

సరే, ఎర్రర్లలోకి వద్దాం.

మొదటిది, అన్నిటికంటే ఎక్కువగా తగిలేది: "అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్". దీనితోపాటు వచ్చే ఫిర్యాదు కూడా ఎప్పుడూ ఒకటే. "బ్రౌజర్లో తెరుచుకుంటోంది సార్, కోడ్‌లోనే రావట్లేదు." అందుకని మనవాళ్ళు సర్వర్ బాగానే ఉందని తీర్మానించేస్తారు. చాలాసార్లు తప్పు సర్వర్‌దే. రూట్ అథారిటీ మన వెబ్‌సైటు సర్టిఫికెట్ మీద నేరుగా సంతకం పెట్టదు. మధ్యలో ఇంటర్మీడియట్ అని ఒకటుంటుంది. సర్వర్ తన సర్టిఫికెట్‌తోపాటు ఆ ఇంటర్మీడియట్‌ని కూడా పంపాలి. చాలామంది పంపరు. క్రోమ్ ఏం చేస్తుందంటే, సర్టిఫికెట్‌లోనే "నా మీద సంతకం పెట్టినవారి సర్టిఫికెట్ ఇక్కడ దొరుకుతుంది" అని ఒక చిరునామా ఉంటుంది, అక్కడికి వెళ్ళి తనే తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ ఇంటర్మీడియట్లను ముందే దింపి పెట్టుకుంటుంది. పైథాన్ తెచ్చుకోదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్, అంటే ఈ వెరిఫై పని చేసే లైబ్రరీ, దాని మీద నడిచేవేవీ మామూలుగా తెచ్చుకోవు. కాబట్టి బ్రౌజర్లో రావడం సాక్ష్యం కాదు.

మరి తేల్చుకునేదెలా? టెర్మినల్లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎస్-క్లయింట్ కమాండ్ ఇవ్వండి. కనెక్ట్ ఆప్షన్‌కి హోస్టూ పోర్టూ, సర్వర్‌నేమ్ ఆప్షన్‌కి మళ్ళీ అదే హోస్టు, చివర షోసర్ట్స్. ఇదిగో స్క్రీన్ మీద చూడండి. "సర్టిఫికెట్ చైన్" అని ఉన్న చోట 0 అనే వరస ఉంది. దాని కింద ఎస్ అంటే ఎవరిది, ఐ అంటే ఎవరిచ్చింది. మామూలుగా అయితే 1 అనే వరస కూడా ఉండాలి, ఈ ఐ పేరే అక్కడ ఎస్‌గా కనబడాలి. ఇక్కడ 0 తర్వాత ఇంకేమీ లేదు. కిందికి వస్తే వెరిఫై రిటర్న్ కోడ్ 21. అయిపోయింది, రోగం దొరికింది. ఇంటర్మీడియట్ పంపట్లేదు.

సర్వర్ మనదే అయితే మందు ఒక్క లైను. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే దాని కాన్ఫిగ్‌లో ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ అన్నచోట సర్ట్ డాట్ పెమ్ అని ఉంటుంది. దాన్ని ఫుల్‌చైన్ డాట్ పెమ్ అని మార్చి రీలోడ్ చేయండి. సర్టిఫికెట్ తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ టూల్ రెండు ఫైళ్ళూ ఒకే ఫోల్డర్లో పెడుతుంది, మనవాడు పేరు చూసి మొదటిదే తీసుకుంటాడు. సర్వర్ వేరేవాళ్ళదైతే వాళ్ళకి ఈ అవుట్‌పుటే మెయిల్లో పెట్టండి, వాదన అక్కర్లేదు. వాళ్ళు సరిచేసేలోపు ఆ ఇంటర్మీడియట్ తెచ్చుకుని మన బండిల్లో, అంటే నమ్మే సర్టిఫికెట్ల ఫైల్లో, కలుపుకోవచ్చు.

బండిల్ అన్నాను కాబట్టి ఒక మాట. రిక్వెస్ట్స్ వాడే రూట్ల జాబితా సర్టిఫై అనే ప్యాకేజీ నుంచి వస్తుంది. అది మొజిల్లా జాబితాకి నకలు. మనవాళ్ళు నేరుగా ఆ ప్యాకేజీలోని ఫైలు తెరిచి కింద తమ సర్టిఫికెట్ అతికించేస్తారు. తర్వాత పిప్‌తో ఆ ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేయగానే అది కొట్టుకుపోతుంది. అలా చేయొద్దు. వేరే ఫైలు పెట్టుకుని వెరిఫైకి ట్రూ బదులు ఆ ఫైలు పాత్ ఇవ్వండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మీరు పాత్ ఇస్తే పాత జాబితాకి కలవదు, దాని స్థానంలో వస్తుంది. రిక్వెస్ట్స్ సీఏ బండిల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా అంతే. మీ ఒక్క సర్టిఫికెట్టే పెడితే ఆ సర్వర్ పనిచేస్తుంది, మిగతా లోకమంతా ఆగిపోతుంది. కాబట్టి సర్టిఫై ఫైలుకి నకలు తీసి, దానికి కలిపి, ఆ నకలు ఇవ్వాలి. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ అని ఉంటుంది, అది కలుపుతుంది. రెండూ ఒకలాంటివే అనుకుని తికమకపడేవాళ్ళు చాలామంది.

రెండో రకం: "సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఇన్ సర్టిఫికెట్ చైన్". సెల్ఫ్ సైన్డ్ అంటే తన మీద తనే సంతకం పెట్టుకున్నది. ఈ ఎర్రర్ ఇంట్లో రాదు, ఆఫీసులో వస్తుంది. పిప్ పాతదైతే పిప్ ఇన్‌స్టాల్ కూడా కొడుతుంది. ఎందుకంటే కంపెనీ ప్రాక్సీ మధ్యలో కూర్చుని ట్రాఫిక్ విప్పి చూసి, మళ్ళీ తన సర్టిఫికెట్‌తో కట్టి పంపిస్తోంది. ఐటీ వాళ్ళు ఆ ప్రాక్సీ రూట్‌ని విండోస్ జాబితాలో వేశారు కాబట్టి బ్రౌజర్ కిక్కురుమనదు. రిక్వెస్ట్స్ విండోస్‌ని అడగదు, సర్టిఫైని అడుగుతుంది. అది నాకు తెలీదంటుంది. ఇక్కడ పైథాన్ తప్పేమీ లేదు. నిజంగానే మధ్యలో ఒకడున్నాడు, వాడు మన కంపెనీవాడు, అంతే. దీనికి తేలికైన దారి ట్రస్ట్‌స్టోర్ అనే లైబ్రరీ. ప్రోగ్రాం మొదట్లో దాని ఇంజెక్ట్ ఫంక్షన్‌ని ఒక్కసారి పిలిస్తే పైథాన్ ఆపరేటింగ్ సిస్టమ్ జాబితానే వాడుతుంది. పిప్ కూడా 24.2 నుంచి, పైథాన్ 3.10 ఆపైన ఉంటే, ఇదే పద్ధతి.

డాకర్‌లో మాత్రం కంటెయినర్‌కి, అంటే ప్రోగ్రాం విడిగా నడిచే డబ్బాకి, మీ ల్యాప్‌టాప్ జాబితా తెలీదు. డెబియన్ ఇమేజి అయితే కంపెనీ రూట్‌ని యూజర్ లోకల్ షేర్ కింద సీఏ సర్టిఫికెట్స్ ఫోల్డర్లోకి కాపీ చేసి, అప్‌డేట్ సీఏ సర్టిఫికెట్స్ రన్ చేయాలి. ఫైలు పేరు చివర సీఆర్‌టీ అని ఉండాలి. పెమ్ అని వదిలేస్తే అది ఎర్రర్ కూడా ఇవ్వదు, చూడనట్టే వెళ్ళిపోతుంది. ఆ తర్వాత కూడా రిక్వెస్ట్స్ సర్టిఫైనే చూస్తుంది కాబట్టి ఇందాక చెప్పిన వేరియబుల్‌ని సిస్టమ్ బండిల్ వైపు తిప్పాలి. చాలామంది సగం చేసి, పనిచేయట్లేదని మళ్ళీ ఫాల్స్ దగ్గరికే వచ్చేస్తారు.

హోస్ట్‌నేమ్ మిస్‌మ్యాచ్, అంటే పిలిచిన పేరు సర్టిఫికెట్‌లో లేకపోవడం, దాని సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐపీ అడ్రస్‌తో పిలిస్తే సర్టిఫికెట్‌లో ఆ ఐపీ ఉండాలి, లేకపోతే పేరుతోనే పిలవండి. డీఎన్ఎస్ ఇంకా రాలేదంటే హోస్ట్స్ ఫైలుంది, కర్ల్‌లో రిజాల్వ్ ఆప్షనుంది. అన్నట్టు, ఇందాకటి ఎస్-క్లయింట్ 0 ఓకే అందని పేరు కూడా సరిపోయిందనుకోకండి. విడిగా అడిగితే తప్ప అది పేరు చూడదు. "నాట్ యెట్ వ్యాలిడ్" అని వస్తే ముందు మెషీన్ గడియారం చూడండి. పాత రాస్ప్‌బెర్రీ పైలలో గడియారం చిప్పే లేదు, కరెంటు పోయి వస్తే పాత తేదీతో లేస్తాయి.

గడువు తీరడం తేలికైన విషయం అనుకుంటాం. 2021 సెప్టెంబరు 30, మన టైము ప్రకారం సాయంత్రం ఏడున్నర. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కి ఆసరాగా ఉన్న పాత రూట్, డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3, గడువు తీరింది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లన్నీ బాగానే ఉన్నాయి. కొత్త రూట్ కూడా చాలా మెషీన్లలో ఉంది. అయినా సెంట్ఓఎస్ 7 లాంటి పాత సర్వర్ల నుంచి కాల్స్ పడిపోయాయి. కారణమేమిటంటే, సర్వర్లు పంపే చైన్‌లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం ఆ పాత రూట్ దాకా వెళ్ళే దారి ఉంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.2 సర్వర్ చూపించిన దారినే పట్టుకుని చివరిదాకా వెళ్ళి, అక్కడ గడువు తీరిన రూట్ చూసి, ఫెయిల్ అనేది. మధ్యలోనే నమ్మకమైన కొత్త రూట్ ఉన్నా ఆగేది కాదు. 1.1.0 నుంచి ఆ తీరు మారింది. మందు ఏమిటో తెలుసా? పాత రూట్‌ని జాబితాలోంచి తీసేయడం. ఒక రూట్ తీసేస్తే పని చేయడం మొదలైంది! "సర్టిఫికెట్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్" అన్న మెసేజి అక్షరాలా నిజం, కాకపోతే ఎవరి సర్టిఫికెట్టో చూడాలి. ఆ రోజు ఫాల్స్ పెట్టి బయటపడ్డ కోడ్ ఎంత ఉందో, అందులో మళ్ళీ ట్రూ అయినది ఎంతో నాకైతే అనుమానమే.

"ఇంటర్నల్ సర్వర్‌కి మాత్రమే ఫాల్స్ పెట్టాం" అనేవాళ్ళకి కూడా ఒకటి చెప్పాలి. రిక్వెస్ట్స్‌లో సెషన్ వాడుతూ ఒక హోస్టుకి మొదటి కాల్ ఫాల్స్‌తో చేశారనుకోండి. తర్వాత అదే హోస్టుకి ట్రూ అని పిలిచినా, కనెక్షన్ పూల్‌లో పాత కనెక్షన్ బతికి ఉన్నంతకాలం వెరిఫై జరిగేది కాదు. కోడ్ చూస్తే ట్రూ అనే ఉంటుంది! దీనికి సీవీఈ నంబరు, అంటే భద్రతా లోపాల జాబితాలో నంబరు, కూడా ఉంది, 2024-35195. 2024 మేలో 2.32.0 తో సరిచేశారు. మీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో వెర్షన్ ఎంతుందో ఇంటికెళ్ళి చూసుకోండి.

ఇక రూట్ల జాబితా ఎవరిదన్నది ఎంత ముఖ్యమో మన దేశంలోనే జరిగింది ఒకటుంది. 2014 జులై 2న, గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు తిరుగుతున్నాయని గూగుల్ గమనించింది. ఇచ్చింది ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ, దాని పైన మన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ రూట్. మర్నాడే ఎన్ఐసీ ఇంటర్మీడియట్లను రద్దు చేశారు. ఆ రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది, అందుకని విండోస్ మీద చాలా ప్రోగ్రాములు వాటిని నమ్మేవి. మొజిల్లా జాబితాలో లేదు, కాబట్టి ఫైర్‌ఫాక్స్‌కి ఏమీ కాలేదు. సర్టిఫై వాడే పైథాన్ కోడ్‌కీ అదే వర్తిస్తుంది. తర్వాత క్రోమ్ ఆ రూట్‌ని గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ లాంటి ఏడు డొమైన్లకి కుదించింది. ఇందాక ట్రస్ట్‌స్టోర్ వాడమన్నాను కదా, దానికి అవతలివైపు ఇది. సిస్టమ్ జాబితా నమ్మడమంటే దాంట్లో ఎవరెవరిని వేశారో వాళ్ళందరినీ నమ్మడం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది తప్పదు. ప్రొడక్షన్ సర్వర్‌లో మాత్రం నేను చిన్న జాబితా వైపే ఉంటాను.

ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: మేడమ్, పైథాన్ 3.13కి మారాక మా కంపెనీ సర్టిఫికెట్లు ఫెయిలవుతున్నాయి. 3.12లో బానే ఉన్నాయి.

3.13 నుంచి డిఫాల్ట్ కాంటెక్స్ట్‌లో, అంటే ఈ తనిఖీ సెట్టింగుల్లో, స్ట్రిక్ట్ అనే ఫ్లాగ్ వేశారు. ఎర్రర్ చివర "మిస్సింగ్ అథారిటీ కీ ఐడెంటిఫయర్" అనో, "బేసిక్ కన్‌స్ట్రెయింట్స్" అనో ఉందా? ఉంది. అయితే మీ కంపెనీ సర్టిఫికెట్లను ఎవరో ఎప్పుడో చేత్తో తయారుచేసి ఉంటారు, రూల్స్ ప్రకారం లేవు. కొత్తవి చేయించండి. అందాకా కాంటెక్స్ట్ తయారుచేసి ఆ ఒక్క ఫ్లాగ్ తీసేయండి. పేరు, సంతకం, తేదీ చూడటం అలాగే ఉంటుంది. ఫాల్స్ కంటే అది నూరుపాళ్ళు నయం.

ప్రశ్న: లోకల్‌హోస్ట్‌లో డెవలప్‌మెంట్‌కి కూడా ఇంత అవసరమా అండీ?

ఎంకేసర్ట్ అని ఒక టూల్ ఉంది, రెండు కమాండ్లు. మీ మెషీన్‌కి మాత్రమే చెల్లే రూట్ ఒకటి తయారుచేసి లోకల్‌హోస్ట్‌కి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ రూట్ కీ మాత్రం ఎవరికీ పంపకండి. డెవ్‌లో ఫాల్స్, ప్రొడక్షన్‌లో ట్రూ అని ఇఫ్ కండిషన్ పెడితే ఏదో ఒక రోజు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ కాక డెవ్ అనుకుని ప్రొడక్షన్‌లో నడుస్తుంది.

ప్రశ్న: పార్టనర్ సర్వర్ సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్‌తో ఉంది. వాళ్ళ ఇంటిగ్రేషన్ డాక్యుమెంట్లోనే వెరిఫై ఆపేయండని రాసిచ్చారు. మేం చెప్తే వినేలా లేరు. ఏం చేయాలి?

ఇది నాకూ ఎదురైంది, అదీ డబ్బులు కదిలే ఏపీఐలో. వాళ్ళని మార్చలేకపోయినా మీ వైపు కోడ్ మీ చేతిలోనే ఉంది కదండీ. సెల్ఫ్ సైన్డ్ అయితే ఆ సర్టిఫికెట్టే దానికి రూట్. ఎస్-క్లయింట్‌తో దించుకోండి, షా-256 ఫింగర్‌ప్రింట్, అంటే ఆ సర్టిఫికెట్ వేలిముద్ర లాంటి అంకె, తీయండి. వాళ్ళ టెక్నికల్ మనిషికి ఫోన్ చేయండి, మెయిల్ కాదు, ఫోన్. వాళ్ళ సర్వర్ మీద అదే ఫింగర్‌ప్రింట్ చదివించండి. రెండూ కలిస్తే ఆ పెమ్ ఫైలుని రిపోలో పెట్టి, ఆ ఒక్క హోస్టుకి వాడే సెషన్‌లో వెరిఫైకి ఆ పాత్ ఇవ్వండి. సర్టిఫికెట్‌లో వాళ్ళ హోస్ట్‌నేమ్ సరిగ్గా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి, లేకపోతే పేరు పెట్టి మళ్ళీ చేసివ్వమనండి, వాళ్ళకి అది ఐదు నిమిషాల పని. గడువు తేదీకి నెల ముందు మీ టీముకి ఒక అలర్ట్ పెట్టుకోండి.

ప్రశ్న: అంటే పబ్లిక్ సర్టిఫికెట్లకీ ఇలాగే పిన్ చేసుకోవచ్చా, అంటే ఆ ఒక్క సర్టిఫికెట్‌నే నమ్మమని కోడ్‌లో పెట్టొచ్చా?

వద్దు. పబ్లిక్ సర్టిఫికెట్ల గడువు తగ్గుకుంటూ పోతోంది. 2025 ఏప్రిల్‌లో సర్టిఫికెట్లిచ్చే సంస్థలూ బ్రౌజర్లవాళ్ళూ కలిసి నడిపే సీఏ బ్రౌజర్ ఫోరం తీర్మానం చేసింది: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. మీరు పిన్ చేసిన సర్టిఫికెట్ నెలన్నరకి మారిపోతుంది, మీ యాప్ కొత్త వెర్షన్ ప్లే స్టోర్‌లో పెట్టి జనం అప్‌డేట్ చేసుకునేలోపు ఇంకోటి వస్తుంది. ఇందాక చెప్పిన పార్టనర్ పద్ధతి సెల్ఫ్ సైన్డ్‌కే.